మందుల కిటికీ దగ్గర లీలమ్మ గారి మాట

1938 జూలై పదకొండున పాలమూరులో నర్సుగా కొలువులో చేరిన శ్రీమతి లీలమ్మ గారు, ఇరవై తొమ్మిదేళ్ల సేవ అనంతరం ఈ నెలాఖరున మన దగ్గర సెలవు తీసుకుంటున్నారు. కలరా రోజుల్లో ఊరూరా తిరిగి సూదులు వేసిన ఆమె, 1952లో నల్లగొండ జిల్లాలోని మన దవాఖానకు బదిలీపై వచ్చి, ఆరేళ్లకు స్త్రీల వార్డు బాధ్యత స్వీకరించారు. నా భార్య కాలం చేసిన సంవత్సరం, ఇక్కడి కాంపౌండరునైన నేను మధ్యాహ్నం భోజనం మానేస్తున్నానని గ్రహించి, మందుల గది బల్లపై రెండు జొన్నరొట్టెలు పెట్టి వెళ్లేవారు.

ఆమె సేవలో నేను మరువలేని ఘట్టం 1961 నాటిది. అందులో దోషం నాది.

మోత్కూరు వైపు గొర్ల కాపరుల ఇంటి పెద్ద గుర్వమ్మకు రొమ్ములో పుట్టిన కేన్సరు గడ్డ చంకలోకి పాకింది. శస్త్రచికిత్సకు వీలులేక డాక్టరు గారు హార్మోను మాత్రలు రాశారు. వాటివల్ల గర్భసంచి నుంచి రక్తం కనిపించవచ్చునని, కనిపిస్తే వెంటనే రావాలని, మాత్రలు సొంతంగా ఆపరాదని ఆమెకు చెప్పమన్నారు. పరాయి స్త్రీతో ఆ మాట అనడానికి సిగ్గుపడి, నేను పొట్లం కట్టి ఇచ్చి ఊరుకున్నాను.

రెండు నెలల్లో గడ్డ మెత్తబడింది. నాలుగో నెల ఆమె పాలిపోయి ఎడ్లబండిలో వచ్చింది. గడ్డ మళ్లీ గట్టిపడింది. మంచం ఇస్తే ఎక్కలేదు. వరండా మూలన, పళ్లెం వేరుగా పెట్టుకొని కూర్చుంది. లీలమ్మ గారు వెళ్లి పక్కన నేలపైనే కూర్చున్నారు.

“నన్ను ముట్టకు సిస్టరమ్మా, బయట కూసున్న.”

“ఆగి ఎన్నేండ్లాయె?”

“పన్నెండేండ్లు. మళ్ల మొదలాయె. కోడలూ నేనూ ఒక్క మూలకు గూసుంటే ఊరు నవ్వదా?”

“మరి మాత్రలు?”

“మైల చేతుల మందు ఎట్ల ముడ్తం? తలకు పోసుకునేదాక ఆపిన. ఆపినకొద్ది ఇంకింత పోతాంది.”

లీలమ్మ గారు ఆమె చెంబులోని నీళ్లు తాగి, చెయ్యి పట్టుకున్నారు.

“గిది ముట్టు గాదు పెద్దమ్మా. మందుతోనన్న గావాలె, లోపల పుండుతోనన్న గావాలె, డాక్టరు సారు చూస్తడు. మైల మాత్రం గాదు. మంచమెక్కు.”

గర్భసంచిలోనూ కేన్సరు పుట్టిందేమోనని డాక్టరు గారు ముక్క తీసి పరీక్షకు హైదరాబాదుకు పంపారు. జవాబు వచ్చేవరకు పదకొండు రోజులు నాకు అన్నం సహించలేదు. లీలమ్మ గారు నన్ను నిందించక, పూటపూటకు తామే దగ్గరుండి మాత్ర మింగించారు. గర్భసంచిలో కేన్సరు లేదని, రక్తం మాత్రల వల్లనేనని తేలింది. గుర్వమ్మ మరో మూడేళ్లు మనుమల మధ్య తిరిగింది.

నాటి నుంచి ఆ మాత్రలు తీసుకునే ప్రతి స్త్రీ వెంట లీలమ్మ గారు మందుల కిటికీ దాకా వచ్చి, “తమ్మీ, నువ్వు అటు తిరిగి పొట్లం కట్టు” అని, రక్తం గురించిన ఆ మాట తామే చెప్పేవారు. వచ్చే సోమవారం ఆ మాత్రల కోసం తిరుమలగిరి నుంచి ఒక తల్లి రానున్నది. కిటికీ అవతల లీలమ్మ గారు ఉండరన్న గుబులు నన్ను వదలడం లేదు. ఇక అటు తిరగను. ఆ మాట నేనే చెప్తాను.

లీలమ్మ గారు ఆయురారోగ్యాలతో, కంటి నిండా నిద్రతో నిండు నూరేళ్లు జీవించాలని, ఎప్పుడైనా ఇటు వస్తే కాసేపు కిటికీ పక్కన నిలబడి, నేను సరిగ్గా చెప్తున్నానో లేదో వినాలని మనవి.

— బాలస్వామి, కాంపౌండరు