పద్నాలుగు పందులు, రెండు డబ్బాలు

పందుల బాబాయ్ టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడంటే ఇక గంటసేపు ఇంకెవరికీ నోరు తెరిచే వీలుండదు. కోతలు కోయడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ రోజు మాత్రం కొట్టు నడిపే అక్కకి ఆయనతో నిజంగానే పనిపడింది. ఆవిడకున్న ఒక్కగానొక్క ఆడపంది పొద్దున లేచి నిలబడలేదు. ఈనడానికి ఇంకా పన్నెండు రోజులుంది. తొమ్మిది రోజులుగా అది తింటున్నది బాబాయ్ తన చేత్తో కలిపి ఇచ్చిన దాణా.

"బాబాయ్, మా పంది..." అంది అక్క, టీ గ్లాసు అందిస్తూ.

"పందంటే గుర్తొచ్చింది," అని అందుకున్నాడాయన, ఆవిడ మొహం చూడకుండా. గ్లాసు పట్టుకున్న వేళ్ల గోళ్లలో తెల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. "మా పందులకి తిన్నది ఒంటబట్టేది కాదు, గింజ గింజలాగే బయటికొచ్చేసేది. సరేనని రెండు డబ్బాలు తెచ్చాను. పెద్దదాంట్లో ఎంజైము పొడి, అది తిన్నది అరిగిస్తుంది. చిన్నదాంట్లో ఖనిజాల పొడి, అది ఒంటికి బలం. రెండూ దాణాలో కలిపానా, వారం తిరిగేసరికి ఒక్కోటి నాలుగు కిలోలు పెరిగింది."

"పెరుగుతుంది, అందులో వింతేముంది?" అన్నాడు పక్క కొట్టు టైలర్.

"వింత అక్కడ కాదయ్యా. మా పెద్ద పందికి వీపు దురద పుట్టి గోడకి రుద్దుకుంది, గోడ కూలిపోయింది, కూలిన ఇటుకలు కూడా నమిలి మింగేసింది, లోపల ఎంజైము ఉంది కదా, సాయంత్రానికి అవీ అరిగిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోడ్డెక్కి లారీతో పరుగు పందెం పెట్టుకుంది. వాడు నాలుగో గేరులో ఉన్నాడు..."

"ఐదో గేరు వేయలేకపోయాడా పాపం," అన్నాడు బల్ల చివర కూర్చున్న లారీ డ్రైవరు.

"వేశాడు. మా పందీ వేసింది."

టైలర్ పడీ పడీ నవ్వాడు. అక్కకి నవ్వు రాలేదు. ఈ మనిషి ఎప్పుడు ఆపుతాడా, ఎప్పుడు అడుగుదామా అని చూస్తోంది.

"ఆ పరుగు వేడికి వెంట్రుకలన్నీ కుచ్చులు కుచ్చులుగా రాలిపోయాయి. ఒక్కదానికి కాదు, పద్నాలుగింటికీ. చర్మం ఎంత నున్నగా తేలిందంటే, నేను అందులో మొహం చూసుకుని గడ్డం గీసుకున్నాను."

నాలుగు రోజులుగా దొడ్డి ఊడుస్తుంటే చీపురుకి చుట్టుకుంటున్న వెంట్రుకలు అక్కకి గుర్తొచ్చాయి. ఎండల వల్లేమో అనుకుంది అప్పుడు.

"ఆ తర్వాత గిట్టలు. పాత చెప్పులు విడిచినట్టు విడిచేశాయి. వాటి చోట ఇనప గిట్టలు మొలిచాయి, నడిస్తే నిప్పురవ్వలే."

"మా చెవుల్లో పూలు పెట్టకు బాబాయ్," అన్నాడు టైలర్.

"నవ్వుకో. ఇనప గిట్టలొచ్చాక వాటికి దర్జా కూడా వచ్చింది. వెనక కాళ్లు చాపేసి, ముందు కాళ్లు ఊనుకుని, వరసగా ఆఫీసర్లలా కూర్చున్నాయి. లేవమంటే లేవవు. దాణా పెడితే ముట్టవు, గాలి పీల్చి బతుకుతామన్నట్టు చూస్తాయి. నిన్న మధ్యాహ్నం ఏమైందో తెలుసా?" ఖాళీ గ్లాసు ఎత్తి మళ్లీ తాగబోయాడు. "ఎగిరిపోయాయి. పద్నాలుగూ. మబ్బుల్లోకి."

డ్రైవరు బల్ల చరిచి నవ్వాడు. అక్క పొయ్యి ఆపేసింది.

"మాది కూడా పొద్దున అలాగే కూర్చుంది బాబాయ్. వెనక కాళ్లు చాపేసి."

బల్ల మీద నవ్వు ఆగిపోయింది.

"నీ పందులు ఎగరలేదు," అంది అక్క. "నీ గోళ్లలో ఉన్నది గుంతలో చల్లే సున్నం. పద్నాలుగింటినీ పూడ్చిపెట్టి వచ్చావు."

బాబాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. జేబులోంచి ఒక చిన్న నీలం చెంచా తీసి బల్ల మీద పెట్టాడు. చిటికెన వేలి గోరంత ఉంది.

"పూడ్చేశాక చిన్న డబ్బా గుంతలోకి వంపాను. అడుగునుంచి ఇది పడింది. పొడిలో కూరుకుపోయి ఉంది ఇన్నాళ్లూ. బస్తాకి దీంతో ఒక్క చెంచా వేయాలట, మించితే విషమేనట. నేను ఇందులో చెంచా లేదనుకుని, ఎంజైము డబ్బాలో ఉన్న పెద్ద గరిటతోనే ఈ పొడి కూడా వేశాను. ఆ గరిటలో ఇవి నలభై పడతాయమ్మా. నీ బస్తాలోనూ అంతే వేశాను. చెబుదామనే వచ్చాను. నిన్ను చూడగానే నా పాడు నోరు ఇంకో దారి పట్టింది. ఇక పెట్టకు. ఈ పొద్దు దాణా పెట్టలేదు కదూ?"

"పెడితే ముట్టలేదు," అంది అక్క. "కడుపుతో ఉంది కదా, నీరసమనుకున్నాను. ముద్దలు చేసి నేనే నోట్లో పెట్టాను. మొత్తం తినేదాకా పక్కనే కూర్చున్నాను."