చివరి విస్తరి నుంచి

ఇటు కూర్చో బిందూ, ఇటు. ఆ బఫే మీకు, నుంచుని తినగలిగినవాళ్లకి. మా ముసలాళ్లకి ఇక్కడ బల్లలేసి విస్తళ్లు పరిచారు, అదే నయం. పెళ్లి పెళ్లిలాగే ఉంది, పందిరీ బాగుంది, పనసకాయ కూర వాసన కూడా బాగానే వస్తోంది. ఒక్కటే బాలేదు. ఆ క్యాటరింగ్ అతను చూడు, పప్పు బకెట్ పట్టుకుని ఎటునుంచి మొదలెట్టాడో. తలుపు దగ్గర నుంచి. మా పిచ్చేశ్వరరావు మావయ్య ఉంటే అక్కడే ఆపేసేవాడు. ఎవరా? మన పై వీధి, రెండంతస్తుల డాబా పక్కన పెంకుటిల్లు ఉండేది చూడు, వాళ్లది. వరసకి మావయ్య కాదులే, అలా పిలిచేవాళ్లం. నువ్వు పుట్టేనాటికి ఉన్నాడు, నీ బారసాలకి వడ్డన పెత్తనం ఆయనదే. మన దివిసీమలో ఈ మూల ఎవరింట్లో భోజనాల బంతి వేసినా ఆయన ఉండాల్సిందే. పిలవకపోయినా భుజం మీద తువ్వాలేసుకుని వచ్చేసేవాడు. ఎవరో అడిగారు, "ఏవండీ, పిలుపందిందా?" అని. "అన్నం ఉడుకుతున్న వాసన అందిందండీ" అన్నాడు.

ఆయన పద్ధతి ఒకటుండేది. వడ్డన ఎప్పుడూ చివరి విస్తరి నుంచే. మొదట కూర్చున్నవాడికి పప్పు తగ్గితే వాడు కేకేస్తాడు, వంటవాడికి వినపడుతుంది. ఆ చివర గోడవార కూర్చున్నవాడు కేకేసినా ఎవడికీ వినపడదు, అందుకని ముందు వాడికి పెట్టి రమ్మనేవాడు. తను మాత్రం ఆఖరి బంతిలో, గిన్నెలు కడిగేవాళ్లతో కలిసి తినేవాడు. అప్పటికి కూర ఉంటే ఉన్నట్టు, లేకపోతే మజ్జిగే. రావమ్మత్త, ఆయన భార్య, తిట్టిపోసేది. "ఊరందరికీ వడ్డించి ఖాళీ బకెట్ ఇంటికి తెచ్చే మనిషిని కట్టుకున్నాను" అని. అబ్బ, ఆవిడ నోరు. ఆవిడ గోంగూర పచ్చడి కూడా అంతే ఘాటుగా ఉండేది, ఇప్పుడెవరు నూరుతున్నారు అలాగ.

ఏం చెప్తున్నాను? ఆ, వడ్డన. తొంభై ఏడులో నీటి సంఘాలు పెట్టారు కదా. నువ్వు ఇంజనీరింగులో చదువుతావేమో, పుస్తకంలో ఎలా రాశారో నాకు తెలీదు. అంతకుముందు కాలువ ఎప్పుడు వదలాలో, ఎన్నాళ్లు పారాలో ఆఫీసులో రాసుకునేవాళ్లు, మనకి వచ్చి చెప్పేది లస్కరు. కాలువ మీద తూములు చూసుకునే ఉద్యోగి, మా కంటికి కలెక్టరుతో సమానం. సంఘం వచ్చాక కాలువ కింద రైతులే కూర్చుని తేల్చుకోమన్నారు. ఎవరు పెద్ద? మన ఊరు కాలువ మొదట్లో ఉంది. పాలెం చిట్టచివర, ఉప్పుగాలి కొట్టేచోట. మనవాళ్లలో ఒకణ్ణి పెడితే పాలెం వాళ్లు ఒప్పుకోరు, వాళ్లలో ఒకణ్ణి పెడితే మనవాళ్లు సాగనివ్వరు. ఇద్దరూ ఒప్పుకున్న పేరు పిచ్చేశ్వరరావు మావయ్యది. ఆయన చేతి వడ్డన తినని ఇల్లు లేదు మరి. పొలం మన ఊళ్లోనే, కాలువ మీద మొట్టమొదటి తూము ఆయనదే.

మరుసటేడు నీళ్లు తక్కువొచ్చాయి. కాలువ వదలడమే ఆలస్యం, వదిలిందీ సగమే. వంతులు పెట్టుకోండి అన్నాడు ఇంజనీరు, కుర్రాడు, మంచివాడే. మావయ్య లేచి, "ముందు శివారు పాలేనికి, తరవాత మనకి. ఎగువ తూములన్నీ మూసేద్దాం" అన్నాడు. అప్పుడు కాంతారావు లేచాడు. రావమ్మత్త సొంత తమ్ముడు, మన ఊళ్లో అందరికంటే పెద్ద రైతు. "బావా, ఇది కాలువ. పెళ్లి బంతి కాదు" అన్నాడు. అందరూ నవ్వారు, మావయ్య కూడా నవ్వాడు. "రెండూ అన్నానికేగా కాంతారావూ" అన్నాడు. నవ్విన నోటితో కాదనలేక చేతులెత్తేశారు. తూములు మూశాం. రావమ్మత్త అయితే వాళ్ల తూముకి గడ్డి కుక్కి, బురద మెత్తి, పక్కనే గొడుగేసుకుని కూర్చుంది. "మా తమ్ముణ్ణి నేను నమ్మను, రాత్రికి రాత్రి మా తూము తీసి, తీసింది మేమే అంటాడు" అని.

ఇంక పాలెం వాళ్లు చేసిన పని విను. అన్నేళ్లలో వాళ్లకి ముందుగా నీళ్లు రావడం ఎన్నడూ లేదు. వస్తాయంటే నమ్మకం లేదు. ఎందుకైనా మంచిదని ఊరు ఊరంతా ట్రాక్టర్లెక్కి మోపిదేవి వెళ్లారు, కాలువ నీళ్లు రావాలని సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి పాలు పోసి రావడానికి. నీళ్లు మర్నాటికి గానీ చేరవని లస్కరు లెక్క. ఆ లెక్క తూములు దొంగతనంగా సగం తెరిచి ఉంచే రోజులది. అన్నీ నిజంగా మూస్తే నీళ్లు ఎంత తొందరగా వెళ్తాయో ఎవరికీ తెలీదు, అంతవరకూ ఎవరూ మూసిన పాపాన పోలేదు కదా. వీళ్లక్కడ పుట్టలో పాలు పోస్తున్నారు, నీళ్లిక్కడ ఊరు చేరాయి. తూములు తీసే నాథుడు లేడు. చివరికంటా పారి, మురుగు కాలవలో పడి, సముద్రంలో కలిసిపోయాయి.

మన ఊళ్లో ఏం జరిగుంటుందో నువ్వే ఊహించుకో. నారుమళ్లు నెర్రెలిచ్చాయి ఇక్కడ. సంఘం మళ్లీ కూర్చుంది. పాలెం నాగేశ్వరరావని, వాళ్ల తరఫు మెంబరు, చేతిలో ప్రసాదం పొట్లంతో నుంచున్నాడు, ఎవరికిద్దామన్నా ఎవరూ పుచ్చుకోరు. కాంతారావు అన్నాడు, "విస్తరి ముందు మనిషే లేడు బావా, వడ్డించేశావు." మావయ్య తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు. తరవాత అడిగాడు, "మనిషి లేకపోతే ఏం చేస్తాం కాంతారావూ, బంతిలో?" "పక్కవాడికి వేసి ముందుకెళ్తాం." "వాడొచ్చి కూర్చున్నాక?" వెనక నుంచి ఎవరో "మళ్లీ తెచ్చి వేస్తాం" అన్నారు. "అయితే మళ్లీ వేద్దాం. ఈ ఆలస్యం నా వల్ల జరిగింది, కబురు చెప్పే మనిషిని పెట్టలేదు. మన వంతు వచ్చినప్పుడు ముందు మీరందరూ నీళ్లు పెట్టుకోండి, నా తూము ఆఖర్న తీస్తాను" అన్నాడు. మొట్టమొదటి తూము, ఆఖర్న. అంటే ఆయన నారు పోయినట్టే, అందరికీ తెలుసు. చేతులు ఒక్కొక్కటీ లేచాయి. కాంతారావు మాత్రం రెండు చేతులూ జేబులో పెట్టుకున్నాడు.

రెండోసారి నీళ్లు వదిలిన రోజు కాంతారావు మోటార్ సైకిలేసుకుని కాలువ గట్టు మీదే పాలెం దాకా వెళ్లాడు, మళ్లీ తప్పు దొరుకుతుందని. తిరిగొచ్చాడు. ఏం చూశావయ్యా అంటే, "ఉన్నారు" అన్నాడు. అంతే. తరవాత లస్కరు చెప్పాడు మాకు, ఆడా మగా పిల్లా జెల్లా పారలు పట్టుకుని తెల్లారకముందు నుంచీ గట్టు మీద కూర్చున్నారట, కాంతారావుని చూసి భయపడి ఒక్కసారి లేచి నుంచున్నారట.

మన వంతు వచ్చింది, అందరి మళ్లూ తడిశాయి, ఆఖర్న మావయ్య తూము తీశాడు. నీళ్లున్నాయి గానీ నారు ఎండిపోయింది. రావమ్మత్త ఒక్క మాటా అనలేదు, అది ఇంకా భయం మాకు. నాలుగో రోజు ట్రాక్టర్ చప్పుడైంది. పాలెం వాళ్లు. ట్రక్కు నిండా నారు కట్టలు, వాళ్ల నాట్లలో మిగిలింది. వెనక నాట్లేసే ఆడవాళ్లు. నాగేశ్వరరావు దిగి, "అండీ, మా ఊళ్లో నీళ్లు కిందకొస్తాయి, నారు పైకెళ్తుంది" అన్నాడు, అంత పెద్ద మాట అన్నందుకు వాడికే సిగ్గేసి తల గోక్కున్నాడు. రెండు రోజుల్లో నాటేశారు. కూలి పుచ్చుకోలేదు. రావమ్మత్త గట్టు మీదే పొయ్యి పెట్టి వండింది. మావయ్య గరిటె అందుకోబోతే పాలెం వాళ్లు లాగేసుకుని, పట్టుకెళ్లి మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టారు. పాపం తినలేకపోయాడు. ముద్ద కలపడం, మెడ సాచి చివరికంటా చూడడం. "అక్కడ పప్పు పడిందా?" అనడం. రావమ్మత్త "పడింది, తినండి" అనడం.

ఆయన పోయి చాలా ఏళ్లయిందిలే. మంచాన పడకుండా హాయిగా పోయాడు. ఆ వంతు పద్ధతి ఇప్పటికీ ఉంది, నీళ్లు తక్కువొచ్చిన ఏడు శివారుకే ముందు. ఇంకెవరూ ఆ మాట ఎత్తి వాదించరు.

అరుగో, ఆ చివర, గోడవార కుర్చీలో తెల్ల చొక్కా ఆయన, కనపడ్డారా? చెవికి మిషను. ఆయనే కాంతారావు. బావ పోయాక ఏ పెళ్లికొచ్చినా అక్కడే కూర్చుంటాడు, మొదట్లో చోటున్నా సరే. నువ్వు వెళ్లమ్మా, ఆ క్యాటరింగ్ అతనికి చెప్పు. గారెలు అటునుంచి పట్టుకు రమ్మను.