మిల్లు దిబ్బకి నీళ్లొచ్చే వేళ

ఆర్కన్సా కొండల్లో డ్యాముకి దిగువన, నది ఒడ్డున, గేలాలూ ఎరలూ అమ్మే కొట్టు. ఏప్రిల్ నెల, శనివారం పొద్దున తొమ్మిదైంది. కొట్టు నోరీన్‌ది. ఎదురుగా నిలబడ్డవాడు ఆమె భర్త మేనల్లుడు గ్రేడీ.

"ఆ బోర్డు ఎప్పుడు రాశావత్తా?"

"రోజూ రాసే వేళకే. ఏం, నీకు కొత్తా? కాఫీ పోసుకో, చల్లారిపోతోంది."

"'సాయంత్రం నాలుగు దాకా నీళ్లు వదలరు' అనుంది. ఇవాళ్టిదేనా?"

"ఇవాళ్టిది కాక రేపటిదా? పన్నెండు రోజులుగా అదే మాట. నది మోకాల్లోతు, అడుగున రాళ్లు లెక్కపెట్టొచ్చట. ఎండెక్కేసరికి రెక్కపురుగులు లేస్తున్నాయి, ట్రౌట్ చేపలు ఎగిరెగిరి మింగుతున్నాయి. ఇంత మంచి వసంతం ఈ మధ్య ఎప్పుడొచ్చింది చెప్పు?"

"పన్నెండు రోజులుగా అదే రాసుందా?"

"ఉంటే నేనేం చెయ్యను? వాళ్లు చెప్పిందే నేను రాస్తాను."

"పొద్దున డ్యాముకి ఫోన్ చేశావా?"

"చేశాను."

"చేసి, విన్నావా?"

"ఏంట్రా, పోలీసులా నిలదీస్తున్నావు? ముప్పై ఒక్కేళ్లుగా పొద్దున అయిదింటికి ఆ ఫోనెత్తి, ఆ రికార్డు విని, ఆ బోర్డు మీద రాస్తున్నాను. నువ్వు నా డబ్బాలో వానపాములు దొంగిలించి పారిపోయే రోజుల నుంచీ."

"అత్తా, నేను ఎగువ వంతెన మీద నుంచి వస్తున్నాను. నది మధ్యలో ఆవురాయి మునిగిపోయింది."

"ఏ ఆవురాయి?"

"మనకెన్ని ఆవురాళ్లున్నాయి? నిన్న కొండల మీద వాన దంచింది కదా. ఏడున్నరకే డ్యాములో రెండు కరెంటు యంత్రాలూ తిప్పడం మొదలెట్టారు. నీళ్లు వచ్చేస్తున్నాయి."

"ఏడున్నరకని నీకెలా తెలుసు?"

"చూశానని చెప్పాగా."

"రాయి చూస్తే మునిగిందని తెలుస్తుంది. ఏడున్నర అని ఆ రాయి మీద రాసుందా?"

"అది తర్వాత మాట్లాడుకుందాం. పొద్దుట్నుంచీ కొట్టుకి ఎవరెవరొచ్చారు?"

"పాస్టరు వచ్చాడు. బోర్డు గట్టిగా చదివి, థాంక్యూ చెప్పి, పురుగులు కొనుక్కుని వెళ్లాడు. తర్వాత మన ఊరి కవలలు."

"వాళ్లు సరే. ఇంకా?"

"వాళ్లు సరే ఏంటి? వాళ్లు మనుషులు కారా?"

"ఇంకా ఎవరొచ్చారత్తా?"

"ఒక్లహోమా నంబరు బండి. మొగుడూ పెళ్లాం, కొత్తగా పెళ్లయినట్టున్నారు. ఇద్దరికీ నీళ్లలో దిగే రబ్బరు తొడుగులు అద్దెకిచ్చాను. ఆ పిల్ల బోర్డుని ఫోటో కూడా తీసుకుంది, ఎంత ముచ్చటగా ఉందో అని. ఈ కాలం వాళ్లకి ఫోటోలుంటే చాలు. అద్దెకిచ్చిన తొడుగులు చాలామటుకు పొడిగానే తిరిగొస్తున్నాయి, నీళ్లలో దిగరో ఏమో."

"వాళ్లని ఎక్కడికి పంపావు?"

"మిల్లు దిబ్బకి. నదిలోకి సాగిన ఆ దిబ్బ చివరి దాకా నడిచి వెళ్లమన్నాను. అక్కడైతే కొత్తవాళ్లకి కూడా చేప పడుతుందని."

"చివరి దాకానా."

"గ్రేడీ, దిబ్బకీ ఒడ్డుకీ మధ్య పాయ ముందు నిండుతుంది కదా. వెనక నిండిపోయినా చివర నిలబడ్డవాళ్లకి తెలీదు."

"తెలుసు. ఏడున్నరకి వదిలితే దిబ్బకి రావడానికి రెండు గంటలు. ఇప్పుడు తొమ్మిదీ ఏడు. మామ ఎక్కడ?"

"ఎక్కడుంటాడు, అక్కడే. రోజూ ఆ మిల్లు దిబ్బే. యాభై ఏళ్ల అనుభవం, తీరా చూస్తే ఈ వసంతం మొత్తానికి రెండంటే రెండుసార్లు చేప తెచ్చాడు. ఊళ్లో అందరికీ పడే చేప ఆయనకి పడదు."

"ఆ లోయలో ఫోన్ మోగదు. బండెక్కు."

"కొట్టు తాళం..."

"కొట్టెక్కడికీ పోదు. నడువత్తా."

గ్రేడీ ట్రక్కు, నది వెంట రోడ్డు.

"ఇంకొంచెం తొక్కు."

"ముందు గడ్డి బండి కనిపించట్లేదా? ఈ మలుపు దాటనీ."

"హారన్ కొట్టు."

"కొడితే ఎక్కడికి జరుగుతాడు, నదిలోకా? కూర్చో. మామ నీటి అంచున పుల్ల గుచ్చకుండా దిగడు. పుల్ల తడిస్తే బయటికొచ్చేస్తాడు."

"గుచ్చుతాడు. గుచ్చి అటు తిరిగి గేలం విసిరాడంటే వెనక ఇల్లు తగలబడినా చూడడు. పైగా నా బోర్డు చూసి వెళ్లాడు. సాయంత్రం దాకా నీళ్లు రావని నమ్మకంగా ఉంటాడు. పుల్ల వంక ఎందుకు చూస్తాడు? గ్రేడీ, నేను ఫోన్ చేశాను. అబద్ధం కాదు. విన్నాను కూడా."

"సరే."

"విన్నాను. ఫోన్ పెట్టేసి, సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లేసరికి... పోయింది."

"ఏం పోయింది?"

"విన్నది. టైము పోయింది. ఏడో, పదకొండో, అసలు ఏమీ చెప్పలేదో. బుర్రలో ఏమీ లేదు. నిలబడ్డాను, నిలబడ్డాను. ఈలోపు పాస్టరు తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. ఆయన ముందు మళ్లీ ఫోన్ చెయ్యడానికి సిగ్గేసింది. నిన్నటిది చెరపలేదు కదా, అదే ఉండనిచ్చాను. ఒక్కరోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను."

"ఏమీ అవదు. ఏడవకు."

"ఏడవట్లేదు. ఆ పిల్ల చలికి చేతులు రుద్దుకుంటుంటే నా చేతి తొడుగులు కూడా ఇచ్చాను, గ్రేడీ. నా చేత్తో సాగనంపాను."

"వెళ్తున్నాం కదా."

"పాస్టరు కూడా బోర్డు చదివి వెళ్లాడు. ఆయన ఏ రేవులో దిగుతాడో. ఆ కవలలు..."

"వాళ్లెవరూ దిగరు."

"ఎందుకు దిగరు? ఇందాకా కూడా 'వాళ్లు సరే' అన్నావు. నా ఎదురుగానే చదివారు."

"చదువుతారు. అందరం చదువుతాం."

"మరి?"

"ఇంటి దగ్గర ఫోన్ చేసి వినే వస్తామత్తా. ఎవరికి వాళ్లం."

"ఎప్పట్నుంచి?"

"ఇప్పుడెందుకులే."

"గ్రేడీ, ఎప్పట్నుంచి?"

"రెండేళ్లవుతోంది. పాస్టరు బండి రేవులో మునిగింది చూడు, అప్పట్నుంచి."

"అది బ్రేకు వెయ్యడం మర్చిపోయి కదా. ఆయనే చెప్పాడు."

"అలా చెప్పాడు. బోర్డు చూసే బండి అక్కడ పెట్టాడు. నీతో అనలేకపోయాడు. ఎవరం అనలేకపోయాం."

"అయితే రోజూ వచ్చి, నా ముందు నిలబడి, చిన్నపిల్లకి చదివినట్టు చదివి, థాంక్యూ నోరీన్ అని..."

"వెక్కిరించడానికి కాదత్తా. ఆ బోర్డు లేకపోతే మాకు తెల్లారినట్టుండదు."

"తప్పుడు బోర్డు."

"అన్నిసార్లూ కాదు."

"అంటే ఈ ఊళ్లో నా బోర్డుని నమ్మేవాడు ఒక్కడూ లేడన్నమాట. మీ మామ హోయ్ట్ నమ్ముతాడు. మిగతా అందరూ తెలివైనవాళ్లు. ఆయనొక్కడు నా బోర్డు తప్ప ఇంకోటి చూడడు, పెళ్లయినప్పట్నుంచీ అంతే. ఇప్పుడు దానికే..."

"అత్తా, నా భయం కూడా అదే. కాస్త మాట్లాడకుండా ఉండు, పక్కనుంచి దాటేస్తున్నాను."

మిల్లు దిబ్బ రేవు. తొమ్మిదీ ఇరవై అయిదు. పాయలో నీళ్లు మట్టి రంగుకి తిరిగి, చప్పుడు చేస్తున్నాయి.

"హోయ్ట్. హోయ్ట్, ఎక్కడున్నావు?"

"ఇక్కడే, చెట్టు కింద. అరుపులెందుకు నోరీన్? కొట్టు వదిలేసి వచ్చావేం?"

"ఆ పిల్లలేరీ? ఒక్లహోమా వాళ్లు?"

"అదుగో, నా బండి తొట్టిలో కూర్చుని నువ్వు కట్టిచ్చిన ఆపిల్ కేకు తింటున్నారు. ఆ అమ్మాయికి నా మీద పీకల దాకా కోపం. అంత దూరం నుంచి వస్తే ముసలాడు నీళ్లలో కాలు పెట్టనివ్వలేదని. ఇప్పుడు ఆ పాయ చూశాక కాస్త తగ్గింది."

"అసలు దిగలేదా?"

"దిగలేదు."

"దేవుడా. దేవుడా, బతికించావు."

"మామా, నువ్వెప్పుడు బయటికొచ్చావు?"

"రావడమేంటి?"

"నీళ్లలోంచి. పుల్ల తడిసింది చూసి వచ్చావా?"

"ఆఁ, అంతే. పుల్ల చూసి."

"ఏ పుల్ల? ఇక్కడ పుల్లే లేదు."

"కొట్టుకుపోయుంటుంది."

"నీ రబ్బరు తొడుగు పొడిగా ఉంది మామా."

"గాలికి ఆరింది."

"గ్రేడీ, ఆ గేలం కర్ర ఇలా ఇవ్వు. ఇవ్వు, చూడనీ. హోయ్ట్, దీనికి దారం కూడా ఎక్కించలేదు."

"తాపీగా ఎక్కిద్దామని."

"ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరావు?"

"అయిదున్నరో, ఆరో."

"ఆరింటి నుంచి దారం ఎక్కించకుండా ఈ రేవులో ఏం చేస్తున్నావు?"

"చలికి వేళ్లు తిరగట్లేదు."

"నీకు తెలుసు. నీళ్లొస్తాయని నీకు పొద్దున్నే తెలుసు. హోయ్ట్, నా మొహం చూసి చెప్పు."

"షెడ్డులో ఒక ఫోనుంది కదా నోరీన్. కుక్కకి తిండి పెట్టడానికి వెళ్లినప్పుడు డ్యాము రికార్డు నేనూ వింటాను."

"విని, నాకు చెప్పలేదు."

"రెండేళ్ల కిందట ఒకసారి బోర్డు తప్పని చెప్పాను. నీకు గుర్తుండదు. తుడిచి మళ్లీ రాశావు. ఆ రోజంతా అన్నం తినలేదు, నాతో మాట్లాడలేదు. రాత్రి పడుకునే ముందు, నాకేమవుతోంది హోయ్ట్ అన్నావు. నాకు మళ్లీ ఆ మాట వినాలని లేదు."

"నా చేతిలో సుద్దముక్క లాక్కోవాల్సింది."

"అది నా వల్ల కాదు."

"ప్రాణాలు పోయేవి. ఆ పిల్ల ప్రాణం పోయేది."

"అందుకే కదా ఇక్కడుంటున్నాను. బోర్డు చూసి వచ్చే కొత్తవాళ్లని నువ్వు ఈ దిబ్బకే పంపుతావు. ఇంకో చోటికి పంపవు. నేనిక్కడ నిలబడితే చాలు."

"మామా, నాకైనా ఒక మాట చెప్పొచ్చుగా."

"నువ్వు నోరు మూసుకోలేవురా. బండి తియ్యి, మీ అత్తకి చలేస్తోంది."

"నాకేం చలెయ్యట్లేదు. హోయ్ట్, ఇవాళ ఒక్కరోజే కదా? ఈ పన్నెండు రోజులూ సరిగ్గానే రాశాను కదా?"

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పు. ఈ వసంతంలో ఎన్నిసార్లు తప్పు రాశాను?"

"నోరీన్, వద్దు."

"అడుగుతున్నాను కదా. చెప్పు."

"నేను నీకు చేప తెచ్చిన రెండు రోజులూ నువ్వు సరిగ్గానే రాశావు."