ఇవాళ్టి తేదీ

బ్యాడ్జీలు కుట్టే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు, పొద్దున పదకొండు. ఫోన్లో అవతల ఉన్నది, మొన్న శనివారం ఓనరుగారు పనిలోంచి దర్జాగా పొమ్మన్న పాత ఆపరేటరమ్మ.

“అది కాదమ్మాయ్, ముందు తేదీ చెప్పు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.”

“ఏ తేదీ సార్?”

“ఏ తేదీ ఏమిటి? రోజూ పొద్దున్నే వచ్చి కంప్యూటర్‌లో రోజుని వెనక్కి తిప్పేదానివే, ఆ తేదీ. డిజైన్ ప్రోగ్రాం తెరుచుకోవడం లేదు. గడువు అయిపోయింది, గడువు అయిపోయింది అని ఒకటే పాట.”

“శనివారం దాకా బాగానే తెరుచుకుంది కదా సార్.”

“ఇప్పుడు నీ సీట్లో మా ఆవిడ కూర్చుంది. తేదీ తప్పుగా ఉందని, పాతది ఏముందో కూడా చూసుకోకుండా ఇవాళ్టిది పెట్టేసింది. మంచి పని చేశాననుకుంది పాపం.”

“అక్క పక్కనే ఉన్నారా?”

“కీబోర్డు ముందే ఉంది. నాకు ఆ మౌసు పట్టుకోవడం కూడా రాదు, నీకు తెలుసుగా.”

“అయితే ఫోన్ స్పీకర్లో పెట్టండి సార్. ఇద్దరికీ వినపడితే పని తొందరగా అవుతుంది.”

“పెట్టాను. చెప్పు. రెండింటికల్లా స్కూలువాళ్లు వస్తారు, ఇంకా వంద బ్యాడ్జీలు కుట్టాలి. ఇవాళ ఇవ్వకపోతే ఏటా వచ్చే ఆర్డరు పక్క షాపుకి పోతుంది.”

“‘నువ్వు లేకపోతే షాపు ఆగిపోదు’ అన్నారు కదా సార్.”

“కోపంలో అన్నాను. అరగంట ఆలస్యంగా వస్తే ఏ ఓనరైనా అంటాడు.”

“పదకొండేళ్లలో ఒక్క అరగంట.”

“సరే, తప్పే. తేదీ.”

“మీరే చెప్పండి సార్. ప్రోగ్రాం పెట్టిన రోజు అది. ఆ రోజు నుంచి ముప్పై రోజులు ఊరికే వాడుకోనిస్తుంది. రోజూ ఆ రోజుకే తిప్పితే దానికి ఎప్పటికీ మొదటి రోజే. ఉపాయం మీదే కదా.”

“ఉపాయం నాదే, తేదీ నీకు తెలుసు. షాపు తెరిచిన రోజు పెట్టాం, కాలేదు. మెషీన్ కొన్న రోజు పెట్టాం, కాలేదు.”

“ముప్పై రోజుల్లో ఏది తగిలినా తెరుచుకుంటుంది. అంత సందు ఉన్నా దొరకలేదా సార్?”

“ఆటలాడకు.”

“పోనీ, ఆనవాలు చెప్తాను. ఆ రోజు షాపు ఫోన్ మూడుసార్లు మోగింది.”

“షాపన్నాక ఫోన్ మోగదా?”

“రెండుసార్లు మీరే ఎత్తారు. మూడోసారి రిసీవర్ తీసి బల్ల మీద పడుకోబెట్టారు.”

“ఏ ఫోన్? నాకేం గుర్తులేదు.”

“మా అన్నయ్య ఆస్పత్రి నుంచి చేశాడు. అమ్మ నన్ను అడుగుతోందని.”

“అది... రాంగ్ నంబరనుకున్నాను. ఇప్పుడవన్నీ ఎందుకు?”

“రాంగ్ నంబరువాడితో ‘పనిలో ఉంది, అయ్యాక పంపిస్తాను’ అన్నారా సార్?”

“ఏవండీ, ఏమిటిది?”

“నువ్వుండవే. నువ్వు కీబోర్డు చూడు.”

“మొదటి బ్యాడ్జీ బయటికి వచ్చేదాకా నన్ను సీట్లోంచి లేవనివ్వలేదు. నవ్వుతూ టీ కూడా తెప్పించారు. ఆ టీ తాగాను సార్ నేను.”

“చెబితే పని మధ్యలో ఆగిపోతుందని... ఒక్క గంటే కదా అనుకున్నాను.”

“మూడు గంటలు.”

“అంత తెలిసినదానివి, పదకొండేళ్లు నా దగ్గరే ఎందుకున్నావ్ మరి?”

“పొట్ట గడవాలిగా. రోజూ పొద్దున్నే ఆ అంకెలు కొట్టి, కడుపుమంట కడుపులోనే పెట్టుకుని పనిలో కూర్చునేదాన్ని. మీరు నా వెనకాలే నిలబడేవారు. ఇది ఏ రోజు అమ్మాయ్ అని ఒక్కసారి అడగలేదు.”

“ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పు తల్లీ.”

“మీ నెత్తి మీదే ఉంది సార్. మన షాపు మొదటి బ్యాడ్జీ అని ఫ్రేము కట్టించి, కుర్చీ వెనక తగిలించుకున్నారే. దించి వెనక చూడండి. తేదీ వెయ్యమన్నారు, వేశాను.”

“ఉండు... ఎంత దుమ్ము... ఆఁ, పెన్సిల్‌తో ఉంది. పందొమ్మిది, ఏడో నెల... సంవత్సరం కూడా ఉంది. ఇదిగో, నువ్వు చూసి కొట్టవే, కొట్టు.”

“కింద ఇంకో లైనుంది సార్. అదీ చదవండి.”

“దాంతో పనేముంది?”

“చదవండి.”

“‘అమ్మ... సాయంత్రం ఐదున్నరకి పోయింది. నేను ఏడింటికి వెళ్లాను.’”

“ఏవండీ, ఆ సాయంత్రం నేనూ చేశాను షాపుకి. ఎన్నిసార్లు చేసినా ఎంగేజే. రాత్రి అడిగితే లైను పాడైందన్నారు.”

“ఇప్పుడా ఆ గోల?”

“మర్నాడు వీళ్లింటికి పలకరించడానికి వెళ్లి, ‘పాపం లైను పాడైందమ్మా, లేకపోతే అందుకునేదానివే’ అని ఈ నోటితోనే చెప్పి వచ్చాను.”

“చెప్పారక్కా. నా చెయ్యి పట్టుకుని చెప్పారు. అప్పటికే అన్నయ్య నాకంతా చెప్పేశాడు.”

“అబ్బబ్బ, మీ ఇద్దరి ముచ్చట్లూ తర్వాత. ప్రోగ్రాం తెరుచుకుందా లేదా?”

“తెరుచుకుంది.”

“హమ్మయ్య. బతికించావు అమ్మాయ్. మనసులో ఏం పెట్టుకోకు. ఇంక ఉంటాను.”

“ఒక్క మాట సార్. రేపు పొద్దున మళ్లీ ఆ అంకెలే కొట్టాలి. ఎల్లుండీ అవే. అసలు ప్రోగ్రాం మీరు కొనరు, నాకు తెలుసు. ఇన్నాళ్లూ నేను కొట్టాను, ఇక రోజూ అక్క కొట్టాలి.”

“కొడుతుందిలే, దానికేం పని. ఏమే, డిజైన్ మెషీన్‌కి పంపించు. టైమవుతోంది... ఏమే, నిన్నే. ఇదేమిటి, మళ్లీ గడువు అయిపోయిందంటోంది?”

“ఇవాళ్టి తేదీ పెట్టేశాను. ఆ రిసీవర్ తీసి పక్కన పెట్టిన చెయ్యి ఉందిగా, రోజూ దాంతో మీరే కొట్టుకోండి.”