బోనెట్ కింద నైవేద్యం

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్ ముందు, నెల రోజులుగా మొరాయిస్తున్న కారు పక్కన భార్యాభర్తలు నిలబడి ఉన్నారు.

“తెలిపారా బజారు నుంచి పాత కార్ల బేరగాడు బయల్దేరాడు. వచ్చిన కాడికి అమ్మేద్దాం.”

“అమ్మినా ఫైనాన్సు తీరదండీ. లేని బండికి నెలనెలా కడతామేటి?”

“మరేటి చెయ్యమంటావు? ఎన్నిసార్లు బాగుచేయించినా వైర్లు తెగిపోతన్నాయి.”

“ఎలకలు కొరికేస్తన్నాయండీ. మీరు డ్యూటీకెళ్ళాక బోనెట్ ఎత్తి చూశాను. లోపలంతా అక్షింతలు, కొబ్బరి ముక్కలు, బూందీ.”

“విశ్వకర్మ పూజకి మా లోకో షెడ్డులో రైలింజిన్ మీదే నైవేద్యం పెడతాం కదే.”

“షెడ్డులో ఏడాదికోసారి పెడతారు. ఇక్కడ మీరు ప్రతి శనివారం పెడతన్నారు. ఎలకలకి అలవాటైపోయింది.”

అతను బోనెట్ ఎత్తి లోపలికి తొంగిచూశాడు.

“నిన్ననే గతౌరా ఊరి నుంచి మెకానిక్ పని తెలిసిన మా తమ్ముణ్ణి పిలిపించాను. అంతా శుభ్రం చేసి కొత్త వైర్లు వేశాడు. తాళం ఇలాగివ్వండి.”

ఆమె లోపల కూర్చుని తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది.

“అచ్ఛా, ఒక్కసారికే లేచిందే. ఇప్పుడు బేరగాడికేటి చెప్పను?”

“బండి డ్యూటీకెళ్ళిపోయిందని ఫోన్ చేసి చెప్పండి. చెప్పి, పక్క సీట్లో కూకోండి.”

“నువ్వు నడుపుతావా?”

“నేనే నడుపుతాను. ఇంక శనివారం బూందీ కూడా నాకే పెట్టండి.”