రెండో పేపరయ్యేదాకా

నీకేం అక్కా, నువ్వు హాయిగా వెళ్ళిపోయావు. ఆ కవితలన్నీ నా నెత్తిన పడ్డాయి.

పదిహేను కవితలు. పోలికలట, ప్రతీకలట, పంక్తి ఇక్కడే ఎందుకు ఆగిందట. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే మనిషిని నేను. చూపు చూసేటప్పుడు గోడ మీద తగిలించే అక్షరాల బోర్డు తప్ప నేను చదివిన ఇంగ్లీషు సాహిత్యం ఏముంది చెప్పు?

ఇప్పుడు లోపల రాస్తోంది పిల్ల. తొమ్మిదింటికి వెళ్ళింది. రెండుంపావు గంటల పరీక్ష. నేను బడి గేటుకెదురుగా బెంచీ మీద కూర్చున్నా. ఫోన్లు లోపలికి పట్టుకెళ్ళనివ్వరు కదా, దాని ఫోను నా ఒళ్ళో ఉంది. నీ ఫోను నా సంచిలో ఉంది. పదహారు రోజులుగా ఈ రెండింటి మధ్యా నలుగుతున్నా.

నువ్వు పోయావని దానికింకా చెప్పలేదక్కా.

ఏం చెయ్యమంటావు? అప్పటికి పరీక్షలింకా రెండు వారాలే ఉన్నాయి. షాపువాళ్ళు కొత్త మిషను నేర్చుకోడానికి పంపిస్తున్నారని చెప్పి నీ దగ్గరికి వచ్చా. మూడోరోజు తిరిగి ఇంటికెళ్ళేసరికి పిల్ల చెప్పులు విప్పనివ్వకుండా అడిగింది, "మిషనెలా ఉందమ్మా?" అని. "చల్లగా ఉంది" అన్నా. నీ చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉన్నట్టుంది నాకు. అదేమో నవ్వి, "మిషను చల్లగా ఉండడమేంటమ్మా" అని వెళ్ళిపోయింది.

నీ ఫోను బావే ఇచ్చాడు. నిన్ను తీసుకెళ్ళిన కాసేపటికి పెరట్లోకి పిలిచి చేతిలో పెట్టాడు. "పాప మెసేజీలు వస్తూనే ఉన్నాయి. నేను చదవలేను, తీసెయ్యలేను. నువ్వే ఏదో ఒకటి చెప్పు తల్లీ" అన్నాడు. చెప్పా. అక్కడే, బట్టలారేసే తీగ కింద నిలబడి, నీ ఫోనులోంచి నువ్వే అంటున్నట్టు మెసేజి పెట్టా. గొంతుకి చిన్న ఆపరేషనైంది, మాట్లాడొద్దన్నారు, రాసి పంపు, చూస్తాను అని.

పది నిమిషాల్లో పిల్ల రాసిన జవాబులు రెండు పేజీలొచ్చాయి.

నీ పద్ధతి తెలుసు గనక బతికిపోయా. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పావు, ఎవరి తప్పూ దిద్దేదానివి కాదు కదా. అంచున ఒకటే రాసేదానివి, ఏ లైనులో ఉంది అని. నేనూ అదే పట్టుకున్నా. కవి బాధలో ఉన్నాడని రాస్తే, ఏ లైనులో ఉంది? కిటికీ అంటే స్వేచ్ఛ అని రాస్తే, ఏ లైనులో ఉంది? అది పోయి వెతుక్కుని, ఇంకో పది మాటలు చేర్చుకుని వచ్చేది. మొన్న వాళ్ళ టీచరు కాగితం మీద చాలా మెరుగుపడ్డావని రాసి పంపింది. ఇంత సులువైన ఉద్యోగానికా అక్కా నువ్వు బీపీ తెచ్చుకున్నావు?

నవ్వొచ్చింది ఆ రోజు. తర్వాత రాలేదు.

ఒక కవిత ఉంది. ఒకాయన తన వంటింట్లోనే నిలబడి, తాళాలు డబ్బా వెనకున్నాయని పెళ్ళానికి చెప్తుంటాడు. ఆవిడ వెతుకుతూనే ఉంటుంది. పిల్ల నీకు మెసేజి పెట్టింది. "పెద్దమ్మా, ఈయన బతికే ఉన్నాడంటావా?" నేను షాపులో ఉన్నా, ఒక చేతిలో ఎవరిదో అద్దం. నాకొచ్చిన మాట ఒక్కటే కదా, అదే పెట్టా. ఏ లైనులో ఉంది?

వరసగా పంపింది. మూడో లైను, ఆయన మాటకి ఎవరూ జవాబివ్వరు. తొమ్మిదో లైను, ఆయన కప్పు చల్లారిపోతుంది, ముట్టుకోడు. పన్నెండో లైను, ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటాడు. కాబట్టి ఈయన పోయాడు పెద్దమ్మా, కానీ పోయానని ఆయనకి తెలీదు.

చేతిలో అద్దం పగిలింది. ఓనరు తిట్టాడు. పిల్లకి అనుమానమేం రాలేదులే. ఆ వెంటనే నవ్వు బొమ్మ పెట్టి, "నీ దగ్గరే నేర్చుకున్నా ఇలా వెతకడం" అని రాసింది.

ఇదంతా ఓర్చుకోవచ్చు. పొద్దున్నపూటలే ఓర్చుకోలేకపోతున్నా.

నువ్వు చదివి రికార్డు చేసి పంపిన కవితలున్నాయి కదా, అది పళ్ళు తోముకుంటూ పెట్టుకుంటుంది. నేను స్టవ్ దగ్గరుంటా. బాత్రూం తలుపు వెనకనుంచి నువ్వు చదువుతుంటావు. ఒకదానిలో సగంలో ఆగి, "ఉండవే, పాలు పొంగుతున్నాయి" అంటావు. కుర్చీ జరుగుతుంది. ఆ తర్వాత ఏమీ ఉండదు. లెక్కపెట్టా, ఇరవై రెండు సెకన్లు. ఆ ఇరవై రెండు సెకన్లూ గరిటె పట్టుకుని అలాగే నిలబడతా. మళ్ళీ అడుగుల చప్పుడు. "ఆఁ, ఎక్కడున్నాం?" అంటావు. రోజూ వెళ్తావు, రోజూ తిరిగొస్తావు. మొన్నొకరోజు పిల్ల మధ్యలో ఆపేసి బయటికొచ్చింది. నువ్వు తిరిగి రాకుండానే.

నీ మరిది, అదే పిల్ల నాన్న, నాతో మాట్లాడ్డం మానేశాడు. చెప్పెయ్యమని మొదటిరోజే అన్నాడు. "పిల్ల బాగా రాయాలని కదండీ" అంటే, "మీ అక్కే ఉంటే నీ చెంప పగలగొట్టేది" అన్నాడు. ఉంటే ఈ గొడవెందుకు అన్నా. ఆయన లేచి వెళ్ళి ఉతికిన బట్టలే మళ్ళీ మడతపెట్టుకున్నాడు.

ఈ పొద్దున్న ఏం జరిగిందో విను. గేటు దగ్గర పెన్నులన్నీ సరిచూసుకుని, ఫోను నాకివ్వబోయి ఆగింది. "అమ్మా, పెద్దమ్మకి ఒక్క నిమిషం చెయ్యనా? మాట్లాడక్కర్లేదు. ఎత్తితే చాలు, నేనే మాట్లాడతా."

"పడుకునుంటుంది, లేపకు" అన్నా. మంచినీళ్ళ సీసా కొనుక్కొస్తానని ఆగున్న వ్యాను వెనక్కి పోయి, నీ ఫోను తీసి పెట్టా. బాగా రాయి, దేవుడున్నాడు, కంగారు పడకు, కడుపు నిండా తిన్నావా అని.

తిరిగొచ్చేసరికి అది చదువుకుని నావైపు చూస్తోంది. "పెద్దమ్మేంటమ్మా, అచ్చం నీలా మాట్లాడుతోంది" అంది. నవ్వుతూనే అంది. ఫోను నా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా లోపలికి పోయింది.

నీలా నటించడం కూడా నాకు సరిగ్గా రాలేదక్కా.

ఇంకోటుంది. ఇది నీ మరిదికి కూడా చెప్పలేదు. నీకు కొత్తగా చెప్పేదేముంది, ఆ ఫోనుకి అవతల ఉన్నది నువ్వే.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోను చేశావు. టెస్టులకే చేరానన్నావు. "దానికివ్వు, ఒక్క నిమిషం" అన్నావు. "టైము పెట్టుకుని పాత పేపరు రాస్తోందక్కా, గంటలో చేయిస్తా" అన్నా. "సరేలే, రాయనీ, కదపకు" అన్నావు.

అది రాయట్లేదు. సోఫాలో బోర్లా పడుకుని బిస్కెట్లు తింటోంది. నాకు నాలుగడుగుల దూరంలో. నీ గొంతులో ఏదో తేడా ఉందని నాకు తెలిసింది. తెలిసే ఇవ్వలేదు. అది వింటే బెంగపెట్టుకుని ఇక ఆ వారం పుస్తకం ముట్టదనుకున్నా.

గంట కాకుండానే బావ చేశాడు.

పరీక్షలని దాస్తున్నానని అందరితో అంటున్నా. అందరూ నమ్మారు, ఎవరింట్లోనైనా అంతే చేస్తారుగా. చెబితే ఏడుస్తుంది, ఏడవనీ, ఏడుపుకి నేను భయపడట్లేదు. ఏడ్చి ఏడ్చి ముక్కు తుడుచుకుని, పెద్దమ్మ నన్ను అడిగిందా అమ్మా అంటుంది చూడు, దానికి భయం.

తలుపులు తీశారు. పిల్లలొస్తున్నారు. అదిగో, చెయ్యూపుతోంది. మొహం వెలిగిపోతోంది, బాగానే రాసినట్టుంది. రాగానే ముందు ఫోనే అడుగుతుంది, నీకు చెప్పాలని.

రెండో పేపరు సోమవారం. ఇంటికెళ్ళగానే నీ ఫోను చార్జింగు పెట్టాలి.