షుమిసెన్‌కు మోసుకెళ్ళిన పేరు

"సుమేరు పర్వతం పేరును చైనాకు మోసుకెళ్ళింది మా ముత్తాతల ముత్తాతే. ఇందులో అబద్ధముంటే మీసం తీసేస్తాను," అన్నాడు ద్వారకానాథ్.

వాళ్ళు స్థిరపడిన విదేశీ ఊరు కెల్లీవిల్‌లో, మనవరాలు బిందుమాధవి వంటింట్లో గిన్నెలు విసురుగా సర్దుతోంది. ఆమెకు కాబోయే అత్తగారు జపాన్ నుంచి వచ్చి, భోంచేసి, ఇప్పుడే వెళ్ళింది.

"చాలు తాతయ్యా. ఆవిడ ముందు ఎందుకు కోశావు ఆ కోతలు?"

"ఆవిడే అడిగింది కదే, వాళ్ళ బౌద్ధ కథల్లోని షుమిసెన్ కొండ పేరు మనదేనా అని. మన సుమేరును చైనావాళ్ళు ష్యూమీ షాన్ అన్నారు, వాళ్ళ రాతను చూసి జపాన్‌వాళ్ళు షుమిసెన్ అని చదువుకున్నారు. అదే చెప్పాను."

"అక్కడితో ఆగొచ్చుగా? నీ ముత్తాత పేరెత్తగానే ఆవిడ లేచి వంగి దణ్ణం పెట్టింది. కారెక్కుతూ ఏమందో తెలుసా? అంతటి పెద్దాయనకు ముందు ధూపం వెయ్యాలట, పెళ్ళి మన ఊళ్ళోనే చెయ్యాలట. ఇక్కడ బ్లాక్‌టౌన్‌లో తీసుకున్న హాల్ క్యాన్సిల్ చెయ్యమంది."

"మన ఊరొస్తే మంచిదేగా."

"నవ్వకు. అక్కడ ఎవరినడిగినా అలాంటి మనిషే లేడంటారు. ఆ తర్వాత మనింటి మాట ఏదీ నమ్మదు, నా మాట కూడా. ఫోన్ కలుపుతున్నా, నువ్వే చెప్పు."

'నా మాట కూడా' అన్నది ద్వారకానాథ్‌కు తగిలింది. ఫోన్ అందుకుని, తనకొచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"అమ్మా, సుమేరు నిజం. చైనా మీదుగా మీ దేశం చేరడం నిజం. మా ముత్తాతల ముత్తాత మాత్రం, ఇందాక మీకు సాంబారు వడ్డించాక, పెరుగు వడ్డించేలోపు పుట్టాడు."